ఆ ముప్పై ఎవరు రాస్తారు?

నిరుడు కార్తీక మాసంలో ఒకరోజు పొద్దున్నే పాల ప్యాకెట్ తెస్తానని వెళ్లిన మా అత్తగారు నడుచుకుంటూ ఇంటికి తిరిగి రాలేదు. వీధి చివర బడి ఎదుట రోడ్డు దాటుతుంటే బండి తగిలింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్, లోపల రాడ్డు, మూడు నెలలు మంచం. డెబ్భై రెండేళ్ల మనిషి. అప్పటిదాకా మా ఇంట్లో అందరికంటే ముందు లేచి ముగ్గు పెట్టింది ఆవిడే.

గుద్దిన అబ్బాయి పారిపోలేదు. అది ముందు చెప్పుకోవాలి. తనే ఆటో పిలిచి, తనే ఎత్తి కూర్చోబెట్టి, ఆస్పత్రి దాకా వచ్చాడు. మేం వెళ్లేసరికి వరండాలో తల పట్టుకుని కూర్చున్నాడు. వెనక వీధి పిల్లాడే. డిగ్రీ మొదటి ఏడాది. నన్ను చూసి లేచి నిలబడి, "ఆంటీ, నేను స్పీడుగా రాలేదు. యాభైలోనే ఉన్నా. ఒట్టు ఆంటీ" అన్నాడు. ఆ క్షణంలో చెంప పగలగొట్టాలనిపించింది. మావారు చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్లారు.

కోపం తగ్గాక ఆ మాటే చెవిలో తిరగడం మొదలైంది. యాభైలోనే ఉన్నా. అంటే తప్పు చేయలేదనే కదా వాడి ఉద్దేశం. మరి మా రోడ్డు మీద ఎంత వేగంతో పోతే తప్పు? ఆ లెక్క ఎక్కడ రాసి ఉంది? ఎవరు రాశారు?

మా వీధిలో రిటైరైన బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఒకాయన ఉన్నారు. అందరం బాబాయిగారంటాం. అత్తగారిని చూడడానికి వచ్చినప్పుడు కాఫీ ఇచ్చి ఇదే అడిగాను. ఆయన నవ్వలేదు. "పిల్లాడు నిజం చెప్తున్నట్టయితే, వేగం విషయంలో వాడు చట్టం దాటలేదమ్మా" అన్నారు. నాకు ఒళ్లు మండింది. "అయితే మా అత్తగారిదా తప్పు?" అన్నాను. "తప్పెవరిదో నేను చెప్పడం లేదు. మీ రోడ్డుకి అంకె లేదు, అది చెప్తున్నా" అన్నారు.

ఆయన వివరించింది నాకు అర్థమైనంత వరకు మీకూ చెప్తాను.

1988 మోటారు వాహనాల చట్టంలో 112 సెక్షన్ అని ఒకటుంది. దాని ప్రకారం ఏ రకం బండి గరిష్ఠంగా ఎంత వేగంతో పోవచ్చో కేంద్ర ప్రభుత్వం పైన ఒక కప్పు వేస్తుంది. 2018 ఏప్రిల్లో అలా వేసిన కప్పులో మున్సిపల్ హద్దుల్లోని రోడ్ల మీద కారుకి గంటకి 70 కిలోమీటర్లు, మోటారు సైకిల్‌కి 60 అని రాశారు. (ఆ నోటిఫికేషన్‌ని 2021లో మద్రాసు హైకోర్టు కొట్టేసింది కూడా.) ఆ కప్పు కింద ఎంతకి తగ్గించాలన్నది మాత్రం రాష్ట్ర ప్రభుత్వం ఇష్టం. లేదా రాష్ట్ర ప్రభుత్వం ఆ పని అప్పగించిన అధికారి ఇష్టం. ప్రజల క్షేమం కోసమో, సౌకర్యం కోసమో, లేక ఆ రోడ్డు తీరు, వంతెన తీరు బట్టో తగ్గించవచ్చునని చట్టంలోనే ఉంది. అయితే రెండు పనులు జరగాలి. గెజెట్‌లో నోటిఫికేషన్ రావాలి. రోడ్డు పక్కన బోర్డు పాతాలి. గెజెట్ అక్కర్లేకుండా బోర్డు ఒక్కదానితో తగ్గించాలంటే నెల రోజులకి మించకూడదు. జాతరలప్పుడు, రోడ్డు పనులప్పుడు పనికొచ్చేది ఇదే.

ఇందులో మున్సిపాలిటీ మాట ఎక్కడా రాలేదు, గమనించారా? ఇంటి పన్ను కట్టించుకునేది, చెత్త ఎత్తించేది వాళ్లే కాబట్టి వీధిలో వేగం కూడా వాళ్ల చేతిలోనే ఉంటుందనుకున్నాను నేను. రాష్ట్రం అధికారం ఇస్తేనే తప్ప వాళ్లంతట వాళ్లు అంకె మార్చలేరట.

ఈ సంగతి ముందే తెలిస్తే నాకు నాలుగు తిరుగుళ్లు తప్పేవి. మొదట వెళ్లిన చోట "ఈ రోడ్డు మాది కాదమ్మా, ఆర్ అండ్ బీ వాళ్లది" అన్నారు. అక్కడికెళ్తే "మేం రోడ్డు వేస్తాం, గుంటలు పూడుస్తాం. వేగం సంగతి పోలీసులు చూసుకుంటారు" అన్నారు. మూడో చోట "బోర్డు ఉంటే పట్టుకుంటాం మేడమ్. బోర్డేది?" అన్నారు. ఒకరి మీద కోపం తెచ్చుకోవడానికి కూడా వీల్లేదు. ముగ్గురు చెప్పిందీ నిజమే!

అసలు అంకె పెంచడం, తగ్గించడం జరిగే పనేనా అని మీకు అనుమానం రావచ్చు. జరుగుతుంది. 2023లో తెలంగాణ ప్రభుత్వం హైదరాబాదు మహానగర హద్దుల్లో వేగాలు కొత్తగా నిర్ణయించింది. మధ్యలో డివైడర్ ఉన్న రోడ్డు మీద కారుకి 60, డివైడర్ లేకపోతే 50. బస్సులకి, ఆటోలకి, రెండు చక్రాల బళ్లకి డివైడర్ ఉంటే 50, లేకపోతే 40. కాలనీ రోడ్ల మీద ఎవరికైనా సరే 30. అదే ఏడాది ఔటర్ రింగు రోడ్డు మీద 100 ఉన్నదాన్ని 120కి పెంచారు. అంటే అంకె కిందికీ దిగుతుంది, పైకీ ఎక్కుతుంది. హైదరాబాదులో ఉన్న మా ఆడపడుచుకి ఫోన్ చేసి "మీ కాలనీలో ముప్పై అట కదా" అంటే "ఎవరు చెప్పారు వదినా? మా వాచ్‌మన్ సైకిలే అంతకంటే స్పీడుగా పోతుంది" అని నవ్వింది.

అయిదు చీరల దూరం

యాభైకీ ముప్పైకీ అంత తేడా ఏముంది, ఇరవయ్యే కదా అనేవాళ్లు మా ఇంట్లోనే ఉన్నారు. మావారే. ఒక ఆదివారం డాబా మీద ఆయన్ని కూర్చోబెట్టి చీరలు పరిచి చూపించాను.

రోడ్డు మీద అడ్డంగా మనిషి కనబడ్డాక డ్రైవరు బుర్రకి ఆ సంగతి ఎక్కి, కాలు బ్రేకు మీదికి వెళ్లడానికి సుమారు ఒక సెకను పడుతుంది. ఆ సెకను బండి ఆగదు, అదే వేగంతో పోతూనే ఉంటుంది. ముప్పైలో ఉన్న బండి ఆ సెకనులో 8 మీటర్లు పోతుంది. బ్రేకు పడ్డాక ఇంకో 5 మీటర్లు. మొత్తం 13. చీర పొడవు అయిదున్నర మీటర్లు కదా, రెండున్నర చీరలనుకోండి. యాభైలో ఉన్న బండి ఆ ఒక్క సెకనులోనే 14 మీటర్లు పోతుంది. బ్రేకు పడ్డాక ఇంకో 14. మొత్తం 28, అయిదు చీరలు. ఇదంతా పొడి రోడ్డు మీద, బ్రేకులు బాగున్న బండికి.

ఇప్పుడు చూడండి. ముప్పైలో వచ్చే బండి పూర్తిగా ఆగిపోయిన చోట, యాభైలో వచ్చే బండికి ఇంకా బ్రేకే పడలేదు. మా అత్తగారు నిలబడి ఉన్నది సరిగ్గా ఆ మూడో చీర దగ్గర. మావారు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆయనే చీరలు మడతపెట్టారు.

పిల్లలు, ముసలివాళ్లు, సైకిళ్లు, బళ్లు కలిసి తిరిగే చోట 30కి మించనివ్వకూడదని 2020 ఫిబ్రవరిలో స్టాక్‌హోమ్‌లో జరిగిన ప్రపంచ మంత్రుల సభ తీర్మానించింది కూడా. మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారని కేంద్ర ప్రభుత్వ లెక్క. అందులో నడిచి పోతున్నవాళ్లే 32,825 మంది. చావుల్లో నూటికి డెబ్భై ఒకటి అతివేగం కిందే రాశారు. ఆ అతివేగం అన్న మాట చదివినప్పుడల్లా నాకు ఆ అబ్బాయి గుర్తొస్తాడు. అంకెలేని రోడ్డు మీద అతి ఏది, మితం ఏది?

చెల్లి చెప్పిన ఎనభై ఐదు

మా చెల్లి అమెరికాలో శాన్‌హోజే దగ్గర ఉంటుంది. అత్తగారి సంగతి తెలిసి ఫోన్ చేసినప్పుడు ఈ గోడంతా వెళ్లబోసుకున్నాను. "అక్కా, ఇక్కడ ఊరి కౌన్సిలే మీటింగు పెట్టి ఆర్డినెన్సు చేస్తుంది. ఎవరైనా వెళ్లి మైకులో రెండు నిమిషాలు మాట్లాడొచ్చు" అంది. నాకు కుళ్లు పుట్టింది, దాచుకోవడం ఎందుకు? కానీ ఆ తర్వాత అది చెప్పిన పద్ధతి విన్నాక అంత కుళ్లుకోనక్కర్లేదనిపించింది.

కాలిఫోర్నియాలో ఇళ్ల మధ్య వీధులకి మామూలుగా గంటకి 25 మైళ్లు, అంటే మన 40 కిలోమీటర్లు. పెద్ద వీధులకి మాత్రం ఇంజనీరు సర్వే చేయాలి. రాడార్ పట్టుకుని వచ్చీపోయే కార్ల వేగం రాసుకుంటారు. వందమంది డ్రైవర్లని నెమ్మదిగా పోయేవాళ్ల నుంచి జోరుగా పోయేవాళ్ల దాకా వరసలో నిలబెడితే, ఎనభై ఐదో మనిషి ఎంత వేగంతో పోతున్నాడో చూస్తారు. దానికి దగ్గరగా ఉన్న అయిదు మైళ్ల అంకెని ఆ వీధి హద్దుగా పెడతారు. ఎక్కువమంది డ్రైవర్లు బుద్ధిమంతులే, వాళ్లు పోయే వేగమే సరైన వేగం అన్నది దాని వెనకున్న ఆలోచన. ఆ సర్వేని అయిదేళ్లకో, ఏడేళ్లకో, కొన్ని షరతుల మీద పద్నాలుగేళ్లకో మళ్లీ చేయాలి. గడువు దాటితే ఆ వీధిలో పోలీసులు రాడార్ పెట్టి జరిమానా వేయడం కుదరదు.

తిరిగి చూడాలన్న గడువు చట్టంలోనే ఉండడం నాకు భలే నచ్చింది. మన దగ్గర ఒకసారి పాతిన బోర్డు తుప్పు పట్టి రాలిపోయేదాకా ఎవరూ దాని మొహం చూడరు. కానీ ఇందులో తమాషా ఏమిటంటే, అందరూ కాస్త కాస్త జోరు పెంచుతూ పోతే ఎనభై ఐదో మనిషి వేగం కూడా పెరుగుతుంది. తర్వాతి సర్వేలో హద్దూ పెరుగుతుంది. లాస్ ఏంజిల్స్ నగరం 2018లో అలాగే చాలా వీధుల్లో హద్దులు పెంచింది. పెంచకపోతే రాడార్ వాడనివ్వరు కాబట్టి! పిల్లి మెడలో గంట కట్టడానికి పిల్లికే పాలు పోసినట్టు లేదూ?

"మరి నడిచేవాళ్ల సంగతి?" అన్నాను. "అదే అక్కా, ఆ వరసలో నిలబెట్టేది కార్లలో ఉన్నవాళ్లనే" అంది చెల్లి. 2017లో అక్కడి జాతీయ రవాణా భద్రతా బోర్డే ఈ ఎనభై ఐదు లెక్క మీద అంతగా ఆధారపడొద్దని చెప్పింది. 2021లో కాలిఫోర్నియా చట్టం మార్చింది. పిల్లలు, వృద్ధులు, వికలాంగులు తిరిగే చోట వాళ్ల క్షేమాన్ని కూడా లెక్కలోకి తీసుకుని, ఎనభై ఐదో మనిషి వేగం కన్నా హద్దు తగ్గించుకునే వీలు ఊళ్లకి ఇచ్చింది.

ఫోన్ పెట్టేశాక చాలాసేపు వరండాలో కూర్చున్నాను. మా రోడ్డు మీద ఎన్ని లారీలు పోతాయో, ఎన్ని బస్సులు పోతాయో ఆఫీసులో లెక్కుంది. వెడల్పు చేసినప్పుడు కట్టారట. ఎంతమంది దాటుతారో ఆ లెక్క ఎక్కడా లేదు.

నోటుబుక్కులో గీతలు

ఆ లెక్క మేమే కట్టాం. నేను, ఎదురింటి పిన్నిగారు, బడిలో ఆయాగా చేసే అమ్మాయి. బడి వదిలే వేళకి అరుగు మీద కూర్చుని, దాటిన ప్రతి మనిషికీ ఒక గీత. పిల్లలకి వేరే, చంకలో బిడ్డ ఉన్నవాళ్లకి వేరే, కర్ర పట్టుకున్నవాళ్లకి వేరే. చాకిరేవు లెక్కలా ఉందని ఆటోవాళ్లు నవ్వారు. మూడో రోజుకి రెండు పేజీలు నిండాయి.

వేగం లెక్కకి సాయం చేసింది ఎవరనుకున్నారు? ఆ అబ్బాయే. అత్తగారికి బత్తాయిలు పట్టుకుని వారం వారం వస్తూనే ఉన్నాడు. టేపు పట్టి రోడ్డు అంచున 50 మీటర్ల దూరంలో రెండు సుద్ద గీతలు గీశాడు. సెల్‌ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని బళ్లు ఆ గీతల మధ్య ఎన్ని సెకన్లలో దాటుతున్నాయో చూశాడు. ఆరు సెకన్లు పడితే ముప్పై. మూడున్నర సెకన్లలోనే దాటేస్తే యాభై దాటినట్టే. మీరూ చేసి చూడండి, లెక్కల్లో ఫస్టు రానక్కర్లేదు. అయితే ఇది మన నిర్ధారణ కోసమే. ఇలాంటి కొలతతో ఎవరికీ జరిమానా పడదు. చూసినవాడు "జోరుగా పోయాడు" అంటే చాలదు, యంత్రంతో కొలిచి ఉండాలని చట్టంలో 183 సెక్షన్ చెప్తోంది. అలా దొరికితే కారుకైతే 1,000 నుంచి 2,000, లారీలకి, బస్సులకి 2,000 నుంచి 4,000 రూపాయలు.

ఇక్కడో పొరపాటు కూడా చెప్పాలి. ఈ కాగితాల గొడవ తేలేలోగా మా వీధి కుర్రాళ్లు ఊరుకోలేక ఒక రాత్రి ఇటుక ముక్కలు, సిమెంటు కలిపి రోడ్డుకి అడ్డంగా కట్ట వేసేశారు. మేమూ చప్పట్లు కొట్టాం. మర్నాడు నెలలు నిండిన పిల్లని ఆస్పత్రికి తీసుకెళ్తున్న ఆటో దాని మీద ఎగిరిపడింది. ఆ పిల్ల కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. స్పీడ్ బ్రేకర్‌కి కొలత ఉందట. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన ప్రకారం రోడ్డు పొడవునా 3.7 మీటర్ల వెడల్పుతో మెల్లగా లేచి దిగాలి, నడిమధ్య ఎత్తు 10 సెంటీమీటర్లు. బండి 25 వేగంతో కుదుపు లేకుండా దాటగలగాలి. ముందు హెచ్చరిక బోర్డు, మీద తెల్ల గీతలు ఉండాలి. మావాళ్లు వేసింది గేదె వెన్నుపూసలా ఉంది. మూడో రోజు ఆర్ అండ్ బీ వాళ్లొచ్చి తవ్వేశారు. ఎవరూ అడ్డు చెప్పలేదు.

సోమవారం గ్రీవెన్సుకి కలెక్టరాఫీసుకి వెళ్లింది తొమ్మిదిమంది ఆడవాళ్లం. దరఖాస్తు బాబాయిగారు దగ్గరుండి రాయించారు. రోడ్డు ఎవరిది, బడి ఎక్కడ, గుడి ఎక్కడ, ఎంత మేర 30 కావాలి, ఎప్పుడెప్పుడు ప్రమాదాలు జరిగాయి, కేసు నంబర్లు. నోటుబుక్కు పేజీలు జిరాక్సు తీసి జతపరిచాం. "జిల్లా రోడ్డు భద్రతా కమిటీ ముందు పెట్టండి అని కచ్చితంగా రాయి" అన్నారాయన. ప్రతి జిల్లాలో ఆ కమిటీ ఉండాలని సుప్రీంకోర్టు 2017 నవంబరులో ఆదేశించింది. కలెక్టరు, పోలీసు, రవాణా, రోడ్ల అధికారులు ఒకే బల్ల దగ్గర కూర్చునేది అక్కడే. "మాది కాదు" అనే మాట అక్కడ చెల్లదు.

అయిదు నెలలు పట్టింది. మధ్యలో రెండుసార్లు మళ్లీ వెళ్లాం. ఒకసారి ఫైలు కనబడలేదన్నారు, జిరాక్సు ఇంకోటి ఇచ్చాం. చివరికి ఒకరోజు బడికి రెండు వైపులా ఎర్ర గుండ్రం మధ్య 30 అని రాసిన బోర్డులు పాతారు. కొలత ప్రకారం స్పీడ్ బ్రేకర్ వేసి తెల్ల గీతలు గీశారు. పిన్నిగారు బోర్డుకి పసుపు కుంకుమ పెట్టబోతే అందరం కలిసి ఆపాం.

పది రోజులు తిరక్కుండా ఒక నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ వచ్చి బోర్డు మీద కూర్చుంది. నలుగురం వెళ్లి అడిగితే, పాపం కట్టిన కుర్రాళ్లు వెంటనే విప్పి పక్క స్తంభానికి కట్టారు. రెండో వైపు బోర్డుని వేపకొమ్మ కప్పేసింది. దాన్ని కొట్టించడానికి ఎవరిని అడగాలో ఇప్పుడు కనుక్కుంటున్నాం.

బళ్లు తగ్గాయా అంటే, స్పీడ్ బ్రేకర్ దగ్గర తగ్గాయి. అది దాటగానే మళ్లీ పుంజుకుంటున్నాయి. రోడ్డు వెడల్పుగా, నున్నగా ఉంటే కాలు దానంతటదే నొక్కుతుంది, బోర్డు ఒక్కటే ఏం చేస్తుంది అంటారు బాబాయిగారు. అంచుల్లో నడకదారి కట్టి బళ్లు పోయే మేర కాస్త ఇరుకు చేస్తే తప్ప లాభం లేదట. అందుకే ఈ సోమవారం మళ్లీ వెళ్తున్నాం. బోర్డు పడ్డాక మళ్లీ కట్టిన లెక్క ఉంది మా దగ్గర.

ఈసారి గీతలు గీసింది మా అత్తగారే. కర్ర ఊతంతో అరుగు దాకా నడుస్తున్నారు. నిన్న సాయంత్రం పుస్తకం నాకిచ్చి, "అమ్మాయ్, కర్ర పట్టుకున్నవాళ్ల వరసలో నన్నూ ఒకటి వేశాను. మళ్లీ కలిపెయ్యకు" అన్నారు. "మీరు రోడ్డు దాటలేదు కదత్తయ్యా" అన్నాను.

"దాటాను. నువ్వు కుక్కరు దగ్గరున్నావ్" అన్నారు.